ఆరో నంబరు గోదాం

ఇప్పుడది ఏసీ ఫంక్షన్ హాలు.
అప్పుడు ధాన్యం గోదాం,
కాకినాడ పాతరేవులో, ఉప్పుటేరు గట్టున.
తాళంచెవి నా మొలతాడుకుండేది,
స్కోరు రాసే సుద్దముక్క జేబులో.

వానలకి మైదానాలన్నీ మడుగులైన ఏడాది
ఐసు ఫ్యాక్టరీ సూరపరాజు గారికి తట్టిందండి ఆలోచన.
బస్తాలు తీయించేశారు.
నాలుగు గోడల మధ్య ఫుట్‌బాల్!
జట్టుకి ఆరుగురు. ఔటన్నది లేదు.
గోడకి కొట్టుకుని తిరిగొచ్చిన బంతీ ఆటలోదే.
మనిషికి మ్యాచికి నలభై రూపాయలు,
గెలిస్తే ఇంటికో వంజరం ముక్క.
ఆడినందుకు జీతమేంట్రా అని
జగన్నాథపురం వంతెన మీద నవ్విన ముసలాళ్లే
మూడేసి రూపాయలెట్టి టిక్కెట్టు కొన్నారు.
చింపింది మేరమ్మ.
బంతి చిరిగితే వలసూదితో కుట్టిందీ ఆవిడే.

ఐసు జట్టు మీదకి కోరంగి కింగ్స్‌ని దింపాడు రొయ్యల మేత షావుకారు.
తర్వాత భాగ్యరేఖ చిట్స్ ఎలెవన్.
ఆడేది ఆరుగురేనయ్యా అంటే
డబ్బు పెట్టేవాణ్ణి నేను, లెక్క కూడా నాదే అన్నాడు మేనేజరు.

యానాం నించి సైకిలు మీదొచ్చేవాడు సెబాస్తి,
బూట్లు మెడలో వేసుకుని.
కరీముల్లా ఎడంకాలు లారీ స్ప్రింగు.
గోల్లో పంతాడి పోలేశు —
తాడు కోసిన అరచేతులు,
బంతి తగిలితే చెక్క మీద చెక్క కొట్టిన చప్పుడు.
దూలాల మీద గువ్వలు లేచి
మళ్లీ అక్కడే కూర్చునేవి.
ఊకదుమ్ముకి ఆటగాళ్లూ దగ్గేవారు, జనమూ దగ్గేవారు.
ఒక్కోసారి ఈలకన్నా దగ్గులే పెద్దగా వినపడేవి.

ఎలా పోయిందంటారా.
తెల్లమచ్చ వచ్చి చెరువులు పోయాయి,
చెరువులతో కింగ్స్.
చిట్టీల ఆఫీసుకి ఓ మంగళారం తాళం పడింది,
ఎలెవన్‌కి రెండు నెలల జీతం అందులోనే ఉండిపోయింది.
మా అక్క పాట పాడిన చిట్టీ కూడా.
సూరపరాజు గారొక్కరే మిగిలితే
ఎవరితో ఆడతారు?

కానీ నాకు గుర్తుండేది అది కాదండి.
ఆఖరి ఫైనలు.
మూడూ మూడూ. అయిదు నిమిషాలుంది.
కరీముల్లా కొట్టాడు,
బంతి గాల్లో ఉండగా కరెంటు పోయింది.

చీకట్లో ఆరొందల మంది. ఒక్కరూ అరవలేదు.
బంతి కింద పడ్డ చప్పుడు కోసం విన్నాం.
పడలేదు.
జనరేటరు వెలిగేసరికి
పోలేశు చేతులు చాపి అలాగే ఉన్నాడు,
బంతి లేదు.
బస్తాల వెనకా లేదు, మేరమ్మ గంపలోనూ లేదు.
గోలని కింగ్స్, కాదని ఐసువాళ్లు,
తెల్లారేదాకా కొట్టుకున్నారు.
నేను పలక మీద ఏమీ రాయలేదు.

మొన్న హాలుకి సీలింగు బిగిస్తుంటే వెళ్లి చెప్పాను:
బాబూ, మూసే ముందు ఆ మూల దూలం మీద ఓసారి చూడరాదా.
నవ్వి టీ ఇప్పించారు.
ముసురు పట్టినప్పుడు
రంగు కింద నించి గుండ్రటి మరకలు పైకొస్తాయి, గోడ నిండా.
పెళ్లివాళ్లు చెమ్మనుకుని పూలదండలు అడ్డం కడతారు.

పోలేశు చేపల మార్కెట్లో కనపడతాడు అప్పుడప్పుడు.
బాగున్నావా అనడు.
"చేతికి తగిలిందిరా" అంటాడు,
"చల్లగా తగిలింది.
రాసుకో."