కొట్టివేత

చెన్నూరు కోర్టు కాయితమిచ్చింది,
నా మీది కేసు కొట్టేసినమని.
నన్ను కొట్టుడు ఇరవై రెండేండ్ల కిందనే అయింది,
ఠాణాల, ఒక్క టేకు దుంగకు.

ప్రాణహిత దాటి సిరొంచకు తెస్తే
క్లర్కు అటు తిప్పి ఇటు తిప్పి
"తెలుగు నడవది. మరాఠీల రాయించుకరా" అన్నడు.
స్కూలు బస్సు తోలే నౌకరి. సోమారం ఆఖరు.

రాత్రి సారక్కనే రాసింది.
తొమ్మిది చదువుతది, మరాఠీ బడి.
నేను చదువుడు, అది రాసుడు.
ముద్దాయి దుర్గం బానయ్య...
"ఎవరు బాపూ?" అనలే.
పెన్ను మాత్రం ఆగింది.

ఏరు అడ్డం పెట్టుకొని ఇన్నేండ్లు దాచిన మాట,
తుడిచేయాల్నంటే
ముందుగాల బిడ్డకు చదివి చెప్పాల్సొచ్చె.

దొంగతనం అన్న కాడ
దాని అక్షరాలు చీమలంత అయినయి.

పొద్దుగాల ఆ వరుస దగ్గరికొచ్చి
క్లర్కు అద్దాలు పెట్టుకున్నడు.