పదమూడు మైక్రోసెకన్లు

సొహార్‌లో జూన్. మసాలా దుకాణం మీద రెండో అంతస్తు,
కిటికీ లేని గది. లైటు ఆర్పేసి
రయ్యా చేతికి ప్రోబ్ ఇచ్చాను.
"దీనికి దూరం తెలీదు," అన్నాను,
"ఎదురుచూడ్డం ఒక్కటే తెలుసు.
పంపిన శబ్దం తిరిగొచ్చేదాకా లెక్కపెడుతుంది.
పదమూడు మైక్రోసెకన్లయితే ఒక సెంటీమీటరు లోతు,
నూట ముప్పయ్యయితే పది.
అంతే దీని భూగోళం."

పరీక్ష వచ్చే గురువారం.
ఆ పిల్ల అరచేతిలో, గోరింట సందుల్లో,
నీలం సిరాతో 1540.
మెత్తని కండలో శబ్దం సెకనుకి అన్ని మీటర్లు.
కొవ్వులో కాస్త నెమ్మది, ఎముకలో రెట్టింపు దాటుతుంది.
యంత్రం ఇవేవీ అడగదు.
మంచమెక్కిన ప్రతివాడి లోపలా ఒకటే వేగమనుకుని
బొమ్మ గీసేస్తుంది.
"తప్పు కదా?"
"తప్పే. ఎంత తప్పో తెలిసుండడానికే
మనకి జీతం."

స్ఫటికం సంగతీ చెప్పాను.
కరెంటు తగిలితే వణుకుతుంది,
వణికిస్తే కరెంటు పుట్టిస్తుంది.
మోగిన గంటని అరచేత్తో పట్టేసినట్టు
దాని మోత ఆపడానికి వెనక ఒక దిమ్మ.
నూటికి ఒక పాలైనా మాట్లాడదు,
తక్కినదంతా వినడమే.
మా అత్తగారికి చూపించాలనుకున్నాను.
అది మాత్రం రయ్యాకి చెప్పలేదు.

పదకొండింటికి గుండేటి లస్మయ్య.
ఊరు కోరుట్ల, పని పరంజా మీద.
కుడి డొక్క పట్టుకుని వంగి వచ్చాడు.
నడుం మీద జెల్ పడగానే ఉలిక్కిపడి నవ్వాడు.
వెంట్రుకవాసి గాలి చాలు,
శబ్దం గడప దాటదు, అందుకే ఈ జిగురు.
"గాలి పీల్చి పట్టుకో అన్నా."
పట్టుకున్నాడు.

కిడ్నీ నడిమి గిన్నె ఉబ్బి నల్లగా ఉంది.
మా తెర మీద నీళ్లు నల్లనే,
బదులు పలకనిదేదైనా నల్లనే.
ఆ పక్కన తెల్లగా ఒక మెరుపు, దాని కింద
కత్తితో కోసినట్టు ఇంకో నలుపు.
"రెండూ ఒకటే కదా మిస్?"
"వెనక చూడు.
నీటి వెనక వెలుగు పెరుగుతుంది,
రాతి వెనక ఏమీ మిగలదు.
కలర్ పెట్టు."
రాయి చుట్టూ ఎరుపూ నీలం చిటపటమన్నాయి,
రక్తమే లేని చోట.

తొమ్మిది మిల్లీమీటర్లు.
"నీళ్లు తాగవా?" అన్నాను, ఊరికే అడిగే ప్రశ్నలాగే.

"తాగితె ఒంటేలుకొస్తది మేడం.
ముప్పై మీటర్లు దిగాలె, మల్ల ఎక్కాలె.
అర్ధగంట పోతది. ఫోర్‌మన్ రాసుకుంటడు.
గొంతు తడుపుకుంటం, గంతె."

అరబీలోకి మార్చి చెప్పాను.
రయ్యా కొలతలు నొక్కడం ఆపేసింది.
లోతు నుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనం కాబట్టి
దానికి గెయిన్ పెంచాలని
పొద్దున్నే నేర్పాను. ఆ మీటలు కుడివైపు ఉంటాయి.
దీనికి మీట లేదు.

రిపోర్టులో పక్క, పరిమాణం, నీడ, వాపు.
నిచ్చెనకి గడి లేదు.
కాగితం అంచున పెన్సిలుతో లెక్క వేస్తోంది పిల్ల:
ముప్పై మీటర్లంటే మూడువేల సెంటీమీటర్లు,
పదమూడుతో గుణిస్తే ముప్పైతొమ్మిది వేలు.
శబ్దానికి దిగి ఎక్కిరావడం
రెప్పపాటు కూడా కాదు.

"ఇంకా మూత్రాశయం చూడాలి," గుర్తు చేశాను.
స్కాన్ కోసం బయట కూర్చోబెట్టి లీటరు నీళ్లు తాగించాం కదా,
అది నిండుగా, నున్నగా, నల్లటి చెరువులా వచ్చింది.
పుస్తకంలో బొమ్మలా ఉందని రయ్యా మురిసిపోయింది.

"శాన దినాలకు కడుపునిండ తాగిన,"
అన్నాడు లస్మయ్య జెల్ తుడుచుకుంటూ.
తర్వాత కొంచెం సిగ్గుపడి,
"ఇగ పోవచ్చునా మేడం, ఆగుతలేదు."

తలుపు చూపించాను.
ఎదురుగానే, నాలుగడుగులు.