ఇద్దరి సీట్ల ముగ్గురు

మొదలు వచ్చింది బొల్లి.
కుడిచెయ్యి బొటనవేలు కాడ
చిల్లర లెక్కపెట్టే చోట
బియ్యపుగింజంత తెలుపు.
సున్నం అంటిందనుకొని కడిగిన.

చేపలు తిని పాలు తాగినవా అన్నది మా ఆడిబిడ్డ.
మాది కటాక్షపురం చెరువు కింది ఊరు.
చేపలు తినకుంటె ఏం తింటం.

రెండో ఏడు మోచేతులు ఎర్రబడ్డయి.
వెండిపొట్టు లేసినట్టు పొలుసులు.
యూనిఫాం ఇడిస్తె మంచమంత రాలేది.
పొద్దుగాల చీపురుతోని
నన్ను నేనే ఊడ్సుకున్న.

మూడోది పేనుకొరుకుడు.
చెవెనుక రూపాయిబిళ్ళంత నున్నగ.
కొప్పు జరంత పక్కకు పెడితె దాగుతది.
మూడింట్ల అదొక్కటే మంచిది.

ఎంజీఎంల చర్మం ఓపీ, చీటీ నంబరు నూట పద్నాలుగు.
చిన్న డాక్టరమ్మ, ఇంకా చదువుకునే పిల్ల,
నా భుజం చూసి పెద్దసారును పిలిచింది.
టికెట్ మిషన్ బెల్టు రాసుకునే జాగల తెల్లమచ్చ.
సరిగ్గ దాని లోపల్నే ఎర్ర పొలుసు.
గీత దాటలే.
"రెండూ ఒక్క మచ్చల్నే, ఎంత అరుదు సార్!"
అన్నంక సిగ్గుపడ్డది.
ఏం కాదు బిడ్డా, ఫోటో తీసుకో అన్న.
నా బస్సుల ఇద్దరి సీట్ల ముగ్గురు కూసుంటరు రోజూ.

అంటుకునేది కాదు, ఆమెనే చెప్పింది.
ఒంట్ల కాపలావాళ్ళు
ఇంటోళ్ళనే దొంగలనుకుంటున్నరట.
నాకు గూడెప్పాడ్ కాడ ఎక్కిన చెకింగ్ స్క్వాడ్ యాదికొచ్చింది.
ఒక ముసలామెను ఎండల దించిన్రు.
టికెట్ ఆమె కొంగుముడిలనే ఉన్నది.

ఇప్పుడు ఆడోళ్ళకు జీరో టికెట్.
పైసలు చేతులు మారయి, కాయితం మారుతది.
కొందరు కొసకు పట్టుకొని గుంజుతరు
అంటుకున్న అగ్గిపుల్ల తీరు.
ఆధార్ కార్డుల మొఖం నేను చూస్తాంటె
వాళ్ళు నా చెయ్యి చూస్తరు.

డ్రైవర్ ఐలయ్య మాత్రం
ములుగు బస్టాండుల నా డబ్బాల నుంచే
మామిడికాయ తొక్కు నంజుకుంటడు.
ధైర్యమని కాదు.
తొక్కు బాగుంటదని.

ఒకదాని మందు ఇంకోదానికి పడకపోవచ్చునట.
రెండింటికీ కలిసొచ్చేది వెలుతురు.
వారానికి రెండుసార్లు
నల్లద్దాలు పెట్టుకొని నిలువెత్తు పెట్టెల నిలబడ్త.
చుట్టూ నీలం గొట్టాలు.
పట్టుకుందామంటె కమ్మీ లేదు.
నలభై సెకండ్లు.
పందొమ్మిదేండ్లు నిలబడే నౌకరి జేసిన,
ఇంత ఒక్కదాన్ని ఎన్నడు నిలబడలే.

నిన్న మల్లంపల్లి దాటినంక
కిటికీ ఎండ చెయ్యి మీద పడ్డది.
మోచేతి కింది తెలుపుల, వెంట్రుక మొదట్ల,
ఆవగింజంత నలుపు.
మాసిందో, మొలిసిందో.

కడగలే.