జెండా పడలేదు

రాజోలు దాటాక, ఉప్పుటేరు వైపు
ఒకే కంచెలో రెండు కంపెనీల కరెంటు.
గేటుకి రెండు తాళాలు,
బల్ల మీద రెండు లాగ్‌బుక్కులు,
గోడకి రెండు గడియారాలు.
మాది వాళ్ళ దానికన్నా నాలుగు సెకన్లు ముందు,
తగువంతా ఆ నాలుగు సెకన్లలోనే.

బ్రేకర్ పడితే
ఊరికి ముందు వినపడేది చప్పుడు కాదు,
కప్పలు.
అప్పటిదాకా ఏరియేటర్ల హోరు
కప్పేసి ఉంచిన కప్పలు.
ఆ వెనకే గట్ల మీద టార్చిలైట్ల పరుగు,
ఒక్కో జనరేటరూ దగ్గి దగ్గి లేవడం.
లేవనిది ఒకటుంటుంది ఎప్పుడూ.
ఆ చెరువులో తెల్లారేసరికి రొయ్య తేలుతుంది.

ఆపరేటర్ ఏసుపాదం గారు
పదకొండేళ్ళ పుస్తకాలు దించి నా ముందు పెట్టారు.
ఒకే దస్తూరీ, ఒకే మాట:
"కారణం తెలియలేదు. మళ్ళీ వేశాం. నిలిచింది."
వానాకాలం పేజీల్లో ఆ మాట దట్టంగా ఉంది.
మొదటిరోజు నేనది చూడలేదు.

"మనది కాదండి. ఆళ్ళదీ కాదంటారండి.
మరి చెయ్యెవరిదండి మేడమ్?"

ట్రిప్ కాయిల్ ఒక్కటే.
దాన్ని పిలిచేవాళ్ళు ఐదుగురు:
మా రిలే, వాళ్ళ రిలే, ట్రాన్స్‌ఫార్మర్ గ్యాసు,
బస్‌బార్, మనిషి వేలు.
ఎవరు పిలిచినా అవే నూటపది వోల్టులు,
అదే గొంతు.
కాయిల్ పేరడగదు, లాగేస్తుంది.

అందుకని ప్రతి పిలుపు గుమ్మంలో
ఒక జెండా రిలే కట్టాను.
ఎవరు గడప దాటితే వాళ్ళ ఎర్రజెండా కిందికి పడుతుంది,
చేత్తో ఎత్తేదాకా అలాగే ఉంటుంది.
ఇక గడియారాలతో పని లేదు.
గ్యాస్ కంపెనీ ఇంజనీరు ధనుంజయ్
తన జెండాల అద్దం మీద కాగితం అంటించి
సంతకం పెట్టుకున్నాడు, నేను ముట్టుకోకుండా.
నేనూ పెట్టుకున్నాను.

రెండు రాత్రులు దోమలు తప్ప ఎవరూ రాలేదు.
మూడో రాత్రి కాలవకి నీళ్ళు వదిలారు.
అటునుంచి సముద్రం పోటు.
రెండూ నలభై ఏడు.
కప్పలు.

ఇద్దరం ఒకేసారి కుర్చీల్లోంచి లేచాం.
టార్చి వేశాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
ఒక్క జెండా పడలేదు.

"మాది కాదు" అందామంటే
అనడానికి ఎదుటివాడు లేడు.

ఎవరూ పిలవకుండా వచ్చిన పిలుపంటే
దారి మధ్యలో పుట్టిందన్న మాట.
ఒక్కో వైరూ విప్పి మెగ్గర్ తిప్పుతూ పోయాం.
తెల్లవారుజామున ఒక వైరు దగ్గర
ముల్లు సున్నా మీద పడుకుంది.
ట్రెంచి పలక లేపితే
మోకాటి లోతు ఉప్పునీళ్ళు, ఒక పీత,
పందికొక్కు కొరికిన కేబులు.
లోపల పక్కపక్కనే రెండు తీగలు:
ఒకటి పాజిటివ్, ఒకటి ట్రిప్.
మధ్యలో పచ్చటి చిలుము,
వెంట్రుకంత వంతెన.
నీళ్ళు లేస్తే కలుపుతుంది, దిగితే విడిపోతుంది.
పాపం, ఏసుపాదం గారు మళ్ళీ వేస్తే నిలవదా మరి.

ఆ చోటు సరిగ్గా కంచె కింద.
నా డ్రాయింగు కంచె దగ్గర బాణం గుర్తుతో ఆగింది:
"మిగతాది అటువైపు వారిది."
ధనుంజయ్ డ్రాయింగూ అంతే, బాణం ఇటు.
రెండు బాణాల మధ్య మూడు మీటర్లు
ఏ కాగితం మీదా లేవు.

కొత్త కేబులు నీళ్ళకి అందకుండా గోడ మీదుగా లాగాం.
ఏసుపాదం గారు పెన్ను మూత తీశారు.
"ఎవరిదని రాయమంటారండి?"
ధనుంజయ్ నన్ను చూశాడు. నేను ట్రెంచి వైపు చూశాను.
ఆయనే కళ్ళజోడు సర్దుకుని
రెండు పుస్తకాల్లోనూ ఒకే మాట రాశారు:
"కారణం తెలిసింది."

ఏడింటికి గేటు దగ్గర పెచ్చెట్టి మంగాయమ్మ,
ఎకరం చెరువు కౌలుదారు.
నెత్తిన ప్లాస్టిక్ టబ్బు.
రెండు తాళాల కింద దింపింది.
తెల్లగా, మెత్తగా, వేలంత రొయ్యలు,
ఇంకో ఇరవై రోజులుంటే కౌంటుకొచ్చేవి.

మా ఇద్దరి మెడల్లో రెండు రంగుల ఐడీ కార్డులు
మార్చి మార్చి చూసింది.

"మీలో కరెంటు ఎవరండి?"