ఎంతమందికి సరిపోతాడు శని

బాలానగర్‌లో పందొమ్మిదేళ్ళుగా లేత్ మీద ఉన్నాను.
మిల్లీమీటరు నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు.
అందుకే టెలిస్కోపు కొన్నాక
ఐపీసు మీద చెక్కిన అంకె చూసి తికమకపడ్డాను:
ఇక్కడ చిన్న అంకెకే పెద్ద బొమ్మ.

గొట్టం పన్నెండువందలు.
ఇరవై ఐదుతో భాగిస్తే నలభై ఎనిమిది రెట్లు,
పదితో భాగిస్తే నూట ఇరవై.
జాబ్‌కార్డు వెనక పెన్సిలుతో వేసుకున్న లెక్క.
ఆరుతో భాగించిన చోట
రెండువందలు అని రాసి
కింద రెండు గీతలు కొట్టాను.

ట్రూప్ బజార్‌లో మెట్లకింది కొట్టు యూసుఫుద్దీన్ సాబ్‌ది.
మైక్రోస్కోపులు బాగుచేసే చేతులు,
నా గోళ్ళకింద ఉన్న నలుపే ఆయన గోళ్ళకిందా.
మల్లుగుడ్డ పరిచి మూడు ఐపీసులు పెట్టాడు,
కంసాలి కమ్మలు చూపించినట్టు.
ఆరుది ఎత్తి చూశాను. కన్నం కందిగింజంత.
"అద్దాలోళ్ళకు ఇది కష్టం భాయ్.
కన్ను ఆనియ్యాలె, రెప్ప తగుల్తది."
కళ్ళద్దాలు తీసేశాను.
"దూరంకెళ్ళి చూసేది ఇంకోటుంది. మూడింతల ధర."
కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ చూశాను.
మళ్ళీ తీసేశాను.

ఆరుదే తెచ్చాను.
ఇంట్లో చెప్పిన ధరకన్నా అది కొంచెం బరువు.

దసరా వెళ్ళిన నాలుగోనాడు డాబా మీద
పగలు తాగిన ఎండని కాంక్రీటు ఇంకా కక్కుతూనే ఉంది.
ఆకాశం అంచుల్లో మూసాపేట వెలుగు, పాలు విరిగిన రంగు.
అయినా దొరికాడు శని.
ఫతేనగర్ ఫ్లైఓవర్ మీద మే నెల తారు వణికినట్టు
వలయమంతా వణికి, వణికి
ఒక్క క్షణం ఆగింది.
చక్‌లో సరిగ్గా కుదిరిన కడ్డీ
తిరుగుతూ కూడా తిరగనట్టుంటుంది చూడండి,
అట్లా.

"నాకూ" అంది వాచ్‌మన్ పెంటయ్య కూతురు.
దాని వెనక రెండో అంతస్తు మల్లికాంబగారు,
ఆవిడ వెనక కింది గదుల ఒడియా కుర్రాళ్ళు,
బైకుంఠ, వాడి తమ్ముడు.
పిల్ల స్టూలెక్కి కన్ను ఆనించి
"ఏం లేదన్నా, నల్లగుంది" అంది.
వెళ్ళిపోయాడు.
ఆరు మిల్లీమీటర్లలో నిండా ఒక్క నిమిషం ఆయన కాపురం.
గొట్టం జరిపాను.
మల్లికాంబగారు కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి,
మోకాలు పట్టుకుని వంగేలోగా
మళ్ళీ ఖాళీ.
"పడితే ఏడున్నరేళ్ళు వదలడంటారే,
ఇక్కడ నిలవడేం బాబూ?"

ఆరుది విప్పి జేబులో వేసుకున్నాను.
గొట్టంతో ఊరికే వచ్చిన ఇరవై ఐదు బిగించాను.
శని ఉలవగింజంతయ్యాడు,
చెవులున్న ఉలవగింజ.
కానీ నాలుగు నిమిషాలు ఉన్నాడు.

పిల్ల రెండుసార్లు చూసింది.
మల్లికాంబగారు చూసి చేతులు జోడించింది,
ఈయనకి దణ్ణం పెట్టొచ్చో లేదో తెలియక
వెంటనే విడదీసింది.
బైకుంఠ తన భాషలో ఏదో అన్నాడు, తమ్ముడు పగలబడి నవ్వాడు.
అదేమిటో నాకెవరూ చెప్పలేదు.

అందరూ దిగిపోయాక
ఆరుది మళ్ళీ బయటికి తీశాను. దాచడమెందుకు,
ఆశ చావలేదు.
అద్దం మీద ఒక రెప్పవెంట్రుక.
నాది కాదు, మరీ సన్నం.
ఊదబోయి ఆగాను,
తర్వాత ఊదేశాను.

తెల్లారి షిఫ్టులో, టీకి పిలిచేలోగా,
జాబ్‌కార్డు వెనక లెక్క పక్కన ఇంకో గడి గీశాను.
ఆరు: అరమనిషి.
పది: ఒకరు, కుర్రాళ్ళయితే ఇద్దరు.
ఇరవై ఐదు: నలుగురు, మల్లికాంబగారి మోకాళ్ళతో కలిపి.
ముప్పై రెండు దగ్గర పెన్సిలు ఆగింది.
ఆదివారం సాబ్‌ని అడగాలి,
దాని ధరెంతో.