నిమ్మళం

రాణీగంజ్‌ల నాది ఆరడుగుల దుకాణం.
నంబర్లు కోస్త, దేవుళ్ళను కోస్త,
ఆటోల వెనక పులి మొఖం కోస్త.
పేర్లు వాళ్ళయి. బ్లేడు నాది.

మొన్న ఆషాఢంల ఒక కారొచ్చింది.
నాలుగు తలుపులది,
పెండ్లిళ్ళకు, దవాఖానలకు, బియ్యం బస్తాలకు పుట్టిన బాపతు.
అసొంటివి మా గల్లీల రోజుకు నలభై పోతయి,
ఎవ్వడూ తలెత్తడు.
దీని చప్పుడుకు మాత్రం
పక్క దుకాణంల బేరింగులు లెక్కవెట్టే పోరడు
లెక్క మరిచిండు.

డ్రైవరు దిక్కు నుంచి ఆమె దిగింది.
చంద్రకళ మేడం,
మలక్‌పేట సర్కారు బడిల ఇరవై ఆరేండ్లు పీటీ టీచరు.
మెడల ఇంకా విజిలున్నట్టే మాట్లాడ్తది.
వెనక సీట్ల నుంచి సారు దిగిండు,
టిఫిను డబ్బా రెండు చేతుల్ల పట్టుకొని,
ఇంకా బండి కదుల్తున్నట్టే.

"డిక్కీ చూడు" అన్నది.
చూసిన.
ఇరవై ఏండ్ల ఎండకు రంగంత వెలిసిపోయింది,
కుడిమూలకు ఒక్కకాడ మాత్రం
అసలు నీలం, కొత్తది కొత్తగనే,
రెండు అక్షరాల ఆకారంల నిలవడ్డది.
అక్షరాలు ఎవరో పీక్కపోయిండ్రు.
వాటి నీడ పోలే.

కంపెనీ ఒక్క యాడాదే చేసిందట గిసొంటివి:
అదే ఒళ్ళు, అవే సీట్లు, గుండె మాత్రం వేరే.
మైలేజెంత అని అడిగి మర్లిపోయిండ్రు జనం.
ఈమె ప్రావిడెంటు ఫండుల సగం తీసింది.
ఇంట్ల మాత్రం చెప్పింది:
"డిక్కీ పెద్దగుంటది."

తర్వాత ఇంజను పట్టేసింది.
తొమ్మిదేండ్లు అపార్ట్‌మెంటు కింద, కవరేసుకొని.
పిల్లి రెండుసార్లు ఈనింది దాని కింద.
తుక్కు ధర చెప్పినోన్ని గేటు దాకా నడిపించి వచ్చింది.
రిటైరైన నెలల బోయిన్‌పల్లి షెడ్డుకు తోలిచ్చింది,
ఖలందర్ ఉస్తాద్ దగ్గరికి.
పిస్టన్లు కోయంబత్తూరు నుంచి,
క్యామ్‌షాఫ్టు పూణె తుక్కు నుంచి,
ఒక బుష్షు బాలానగర్ లేతు మీద, ఆమె ఎదురుంగనే.
కొలత తప్పితే మళ్ళ చెయ్యమన్నది,
లాంగ్‌జంపుల గీత తొక్కిన పోరన్ని వెనుకకు పంపినట్టు.
పద్నాలుగు నెలలు.

"పాత అక్షరాలే కోద్దునా మేడం? నీడ మీద సరిగ్గ కూసుంటయి."
"అవి కంపెనోడు పెట్టినయి.
బండిని లేపింది నేను. పేరు నేను పెడత."

బేరింగుల పోరడు తుఫాన్ అన్నడు.
చాయ్ తెచ్చినాయన షేర్ అన్నడు.
నేను చిరుత అన్న, మొఖం ఫ్రీ అని గూడ అన్న.
ఆమె చీటీ ఇచ్చింది, బ్లాక్‌బోర్డు దస్తూరి:
నిమ్మళం.

నవ్వొచ్చింది. ఆపుకున్న.
"గింత ఉరికే బండికి గీ పేరా?"
"నార్సింగి దాటినంక గేరు మార్చినప్పుడల్లా
వెనకకెల్లి ఇదొక్కటే మాట:
నిమ్మళం చంద్రా, నిమ్మళం.
తొమ్మిదేండ్లు ఆ మాట వినక
చెవులు ఖాళీగ ఉన్నయి."
"ఉప్మా చల్లారుతది" అన్నడు సారు, డబ్బాతోని.

ఉరికే బండ్ల పేర్లు ముందుకు వంగి ఉంటయి,
తాడు తెంపుకున్న కోడెల లెక్క.
ఇవి వంగయి.
గుడి కట్టుకొని, ఒత్తు కిందికి జార్చుకొని,
ఆఖరుకు ఒక సున్న పెట్టుకొని కూసుంటయి.
ఉరికిస్తే బ్లేడు వంపు తప్పుతది.
అర్ధగంట పట్టింది నాకు.

అంటించిన. పాత నీలం ఒక కొస బయటికి కనవడ్డది.
"కప్పనా మేడం?"
"ఉండనియ్యి."

గల్లీ మొత్తం తోపుడుబండి వెనకనే పోయింది, ఒక్క హారన్ కొట్టలే.
ట్యాంక్‌బండ్ దిక్కు మలిగినంక విన్న చప్పుడు.
చాయ్ గ్లాసుల వణికింది.

నా నూట ఎనభై మరిచిపోయింది.
సాయంత్రం సారొచ్చి ఇచ్చిపోయిండు,
సిటీ బస్సుల.