ఏడో షాట్

ర్యాప్ అంటే కారుండాలె, మెడల గొలుసుండాలె,
వెనుక పదిమంది చేతులూపాలె:
మడావి సారు బోర్డు మీద మరాఠీల రాసిండు.
మేం తెలుగుల ఎక్కించుకున్నం.

కారు లేదు. ఇసుక ట్రాక్టరు దొరికింది, డీజిల్ మాదే.
గొలుసు బ్యాంకుల ఉన్నది,
ఓదెలు సైకిల్ చైను కడిగి ఏసుకున్నడు;
మెడ మీద గ్రీజు గీత నాలుగొద్దులు పోలే.
పదిమందికి ముగ్గురమే.
మిగిలినోళ్లు తునికాకుకు పోయిన్రు.

కింది నుంచి తీస్తే మనిషి పెద్దగ కనపడుతడట.
సిరోంచ రేవుల, ప్రాణహిత ఇసుకల
ఫోను సగం పాతిపెట్టినం.
మొత్తం ఆకాశమే వచ్చింది,
ఒక మూలకు వాని గదువ.

పెదవులు పాటకు కలవాలె, అది రూలు.
ఏడో షాట్‌ల కలవలే.
ట్రాక్టరు మోతల పాట వినబడక
వాడు మాట మరిచి, బడి భాషల అందుకున్నడు.
గొంతేమో ఇంట్ల రికార్డు చేసింది.
నోరు 'పాణీ' అంటది,
చెవుల 'నీళ్లు' అని పడుతది.

విశ్లేషణ కాగితం మీద 'తప్పు' అని రాయబోయి
వైశాలి పెన్ను ఆపింది.
"మా అమ్మ అంగట్ల గిట్లనే మాట్లాడుతది గదా."

సారు ఇంకా మార్కులు ఇయ్యలే.
మూడుసార్లు చూసిండట,
ఒకసారి సౌండు బంద్ చేసి.